జననాంగాల దగ్గర పులిపిర్లు: క్రీమా, గడ్డకట్టించడమా, కాల్చడమా? ఎవరికి ఏది నప్పుతుంది

ఎవరితోనూ చెప్పుకోలేని సమస్య కాబట్టి దీనికి వైద్యం ఎంచుకోవడం కూడా చాలామంది ఒంటరిగానే చేస్తారు. ఒక డాక్టర్ క్రీమ్ రాసిస్తారు, ఇంకో డాక్టర్ కాటరీ (కరెంటు మొనతో కాల్చడం) చేయించుకుంటే ఒక్క పూటలో అయిపోతుందంటారు, మెడికల్ షాపులో అడిగితే ఏదో ట్యూబ్ చేతిలో పెడతారు, తెలిసినవాళ్లు సున్నం పెట్టమంటారు, తూజా అనే హోమియో మందు వాడమంటారు. వీటిలో ఏది బాగా పనిచేస్తుందని అడిగితే ఒక్క ముక్కలో జవాబు లేదు. కానీ మీ పరిస్థితికి ఏది నప్పుతుందని అడిగితే మాత్రం చాలావరకు స్పష్టమైన జవాబే ఉంది. ఈ రాసిందంతా ఆ రెండో ప్రశ్న గురించే.

ముందు ఒక మాట అర్థమైతే మిగతాదంతా తేలికవుతుంది. ఈ పులిపిర్లు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి, పదింటిలో తొమ్మిది దాకా ఆ వైరస్‌లోని 6, 11 రకాల వల్లే. క్రీమ్, యాసిడ్, నైట్రోజన్, కాటరీ, లేజర్... వీటిలో ఏదీ వైరస్‌ను ఒంట్లోంచి తీసేయదు. కంటికి కనిపించే పులిపిరిని తీసేస్తుంది, అంతే. చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో వైరస్ కొన్నాళ్లు అలాగే ఉండొచ్చు, దాన్ని అణచాల్సింది మన రోగనిరోధక శక్తే, చాలామందిలో ఒకటి రెండేళ్లలో అది ఆ పని చేస్తుంది కూడా. అందుకే కాల్చిన నెల తర్వాత పక్కనే ఇంకోటి మొలిస్తే డాక్టర్ మోసం చేశారనో, చేయడం రాలేదనో అనుకోవద్దు. మళ్ళీ రావడం ఈ జబ్బు స్వభావం, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో. "వైరస్‌ను వేళ్లతో సహా తీసేస్తాం, గ్యారంటీ" అని ఎవరైనా అంటే అక్కడ డబ్బు కట్టకండి.

ఇంకో భయం కూడా ఇక్కడే తీర్చేస్తాను. 6, 11 రకాలు క్యాన్సర్ తెచ్చేవి కావు, ఆ పని ఎక్కువగా చేసేవి 16, 18 రకాలు. ఒకే మనిషికి రెండు తరహాలూ సోకి ఉండొచ్చు కాబట్టి ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ వయసును బట్టి మామూలుగా చేయించుకోవాలి, పులిపిర్లు వచ్చాయని అదనంగా చేయించుకోవాల్సిన పని లేదు.

## అసలు అవి పులిపిర్లేనా

మందు గురించి ఆలోచించే ముందు ఈ ప్రశ్న తేలాలి, ఎందుకంటే పులిపిర్లు కానివాటిని కాల్చుకుని పుండ్లు చేసుకునేవాళ్లు ఉన్నారు. మగవాళ్లలో పురుషాంగం ముందు భాగం అంచు చుట్టూ ఒకటి రెండు వరసల్లో సన్నగా, ముత్యాల్లా, అన్నీ ఒకే సైజులో ఉండే బొడిపెలు జబ్బు కాదు, సహజంగా వచ్చే చర్మం తీరే అంత. ఆడవాళ్లలో యోని ద్వారం లోపలి అంచున రెండు వైపులా ఒకేలా కనిపించే మెత్తటి చిన్న మొనలూ అంతే. మధ్యలో చిన్న గుంట ఉండి ముత్యంలా మెరిసే బొడిపెలైతే మొలస్కం కావచ్చు, అది వేరే వైరస్. మలద్వారం దగ్గరివైతే పైల్స్ అనుకుని నెలల తరబడి పైల్స్ ఆయింట్‌మెంట్ రాసేవాళ్లు చాలామంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది సిఫిలిస్ అనే సుఖవ్యాధి. దాని రెండో దశలో ఇదే చోట వెడల్పుగా, బల్లపరుపుగా, తడిగా ఉండే గడ్డలు వస్తాయి, చూడటానికి పులిపిర్లలాగే ఉంటాయి. వాటికి కావలసింది పెన్సిలిన్ ఇంజెక్షన్, కాటరీ కాదు. పైన కాల్చేస్తే జబ్బు లోపల ముదురుతూనే ఉంటుంది. కాబట్టి ఏ వైద్యం మొదలుపెట్టినా దానికి ముందు సిఫిలిస్, హెచ్ఐవీ రక్తపరీక్షలు చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేసి అడగొచ్చు.

## ఏది చూసి ఎంచుకోవాలి

నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది పులిపిరి తీరు, అంటే అది మెత్తగా తడిగా ఉందా, గట్టిగా పొడిగా ఉందా అన్నది. ముందోలు కింద, యోని పెదవుల మీద, మలద్వారం చుట్టూ వచ్చేవి సాధారణంగా మెత్తగా ఉంటాయి, వాటిలోకి పైపూత మందులు బాగా ఇంకుతాయి. పురుషాంగం కాండం మీద, వెంట్రుకలున్న చోట వచ్చేవి గట్టిపడి ఉంటాయి, వాటిమీద క్రీములు నెమ్మదిగా పనిచేస్తాయి, ఒక్కోసారి అసలు పనిచేయవు. గడ్డకట్టించడమో కాల్చడమో అక్కడ నయం.

తర్వాత ఎన్ని ఉన్నాయి, ఎంత పెద్దవి, మీకు స్వయంగా కనిపించి చేతికి అందే చోట ఉన్నాయా అన్నవి. మీకు కనిపించని చోట మీరే మందు రాసుకుంటే పులిపిరికన్నా పక్క చర్మానికే ఎక్కువ తగులుతుంది. గర్భిణి అయితే సగం మందులు అక్కడికక్కడే పక్కకు పోతాయి. వారానికోసారి క్లినిక్‌కు వెళ్లే వీలుందా, ఇంట్లో బాత్‌రూమ్ తలుపు వేసుకుని నిదానంగా మందు రాసుకునే ఏకాంతం ఉందా అన్నవి కూడా చిన్న విషయాలు కావు. హాస్టల్ గదిలో నలుగురితో ఉండే కుర్రాడికి 16 వారాల క్రీమ్ ఎంత కష్టమో, ఊరి నుంచి రెండు బస్సులు మారి రావాల్సిన ఆవిడకు వారం వారం సిట్టింగ్ అంతే కష్టం.

మన చర్మం రంగును కూడా లెక్కలోకి తీసుకోవాలి, దీన్ని మాత్రం ఎవరూ ముందు చెప్పరు. చామనఛాయ, నలుపు చర్మంలో గడ్డకట్టించిన చోట తెల్ల మచ్చ, కాల్చిన చోట నల్ల మచ్చ పడే అవకాశం ఎక్కువ. ప్రమాదం కాదు గానీ ముందే తెలిస్తే తర్వాత టెన్షన్ పడకుండా ఉంటారు.

| వైద్యం | ఎవరు చేస్తారు | పూర్తిగా పోవడం (నూటికి సుమారు) | మళ్ళీ రావడం | గర్భిణికి |
|---|---|---|---|---|
| ఇమిక్విమాడ్ 5% క్రీమ్ | మీరే | 35 నుంచి 70, ఆడవాళ్లలో ఎక్కువ | తక్కువ | సాధారణంగా వద్దు |
| పోడోఫిల్లోటాక్సిన్ 0.5% | మీరే | 45 నుంచి 80 | ఒక్కో ట్రయల్‌లో ఒక్కోలా, తరచుగా ఎక్కువే | అసలు వద్దు |
| ద్రవ నైట్రోజన్ | డాక్టర్ | 45 నుంచి 75, పలు సిట్టింగ్‌ల తర్వాత | 20 నుంచి 40 | వాడొచ్చు |
| టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్) యాసిడ్ | డాక్టర్ | 55 నుంచి 80 | మూడో వంతు దాకా | వాడొచ్చు |
| కాటరీ, కత్తిరించడం | డాక్టర్ | 90 పైన | 20 నుంచి 30 | అవసరమైతే చేయొచ్చు |

ఈ అంకెల్ని క్రికెట్ స్కోర్లలా పక్కపక్కన పెట్టి చూడకండి. ఒక్కో ట్రయల్‌లో తీసుకున్న మనుషులు వేరు, పులిపిర్లు వేరు, ఎన్నాళ్లు గమనించారన్నది వేరు. కాటరీకి 90 పైన వస్తోందంటే ఆ రోజు బల్ల మీంచి దిగేసరికి పులిపిర్లు లేవని అర్థం, ఏడాది తర్వాత సంగతి దానికి పక్క గడిలో ఉంది. ఇమిక్విమాడ్ పోగొట్టేది తక్కువమందికే అనిపిస్తుంది గానీ, పోయినవాళ్లలో తిరిగి రావడమూ తక్కువే. ఈ రెండు గడులూ కలిపి చదివితేనే పట్టికకు విలువ.

## ఇమిక్విమాడ్

అమెరికాలో 1997లో ఆమోదం పొందిన మందు ఇది, మన దగ్గర చిన్న చిన్న సాచెట్లలో దొరుకుతుంది. ఇది పులిపిరిని కాల్చదు, కోయదు. ఆ చోట రోగనిరోధక శక్తిని తట్టిలేపి వైరస్ ఉన్న కణాల మీదికి పంపిస్తుంది. తిరిగి రావడం తక్కువ కావడానికి కారణం ఇదేనని అనుకుంటారు.

వాడే పద్ధతి: వారానికి మూడు రాత్రులు, రోజు విడిచి రోజు, ఉదాహరణకు సోమ, బుధ, శుక్రవారాలు. పడుకునే ముందు పులిపిరి మీద పల్చగా రాసి, 6 నుంచి 10 గంటల తర్వాత ఉదయం సబ్బుతో కడిగేయాలి. గరిష్ఠంగా 16 వారాలు. త్వరగా పోతుందని రోజూ రాస్తే త్వరగా పోదు, పుండు పడుతుంది.

1998లో వెలువడిన ఒక ట్రయల్‌లో 16 వారాలు వాడిన ఆడవాళ్లలో నూటికి 72 మందికి పూర్తిగా పోతే, మగవాళ్లలో 33 మందికే పోయాయి. తేడా ఎందుకంటే మగవాళ్ల పులిపిర్లు ఎక్కువగా పొడి చర్మం మీద ఉంటాయి. ముందోలు కింద ఉన్నవైతే మగవాళ్లలోనూ ఫలితం మెరుగ్గా ఉంటుంది. కాబట్టి కాండం మీద గట్టిపడ్డ రెండు పులిపిర్లకు నాలుగు నెలల క్రీమ్ మొదలుపెట్టడం, నా మటుకు నాకు, ఓపికను వృథా చేసుకోవడమే.

దీంతో జనం ఓడిపోయేది రెండు చోట్ల. మొదటి మూడు నాలుగు వారాలు ఏమీ కనిపించక మందు పనిచేయట్లేదని ఆపేస్తారు. లేదా ఎర్రబడి మంట పుట్టగానే ఎలర్జీ అనుకుని ఆపేస్తారు. నిజానికి కొంత ఎరుపు, దురద, పొక్కు లేవడం ఈ మందు పనిచేస్తోందనడానికి గుర్తు. భరించలేనంతగా ఉంటే, పచ్చి పుండు పడితే, మూత్రం పోయడం కష్టమైతే కొన్నాళ్లు ఆపి డాక్టర్‌తో మాట్లాడి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కొందరికి ఫ్లూ వచ్చినట్టు ఒళ్లునొప్పులు, జ్వరం తగులుతాయి. సోరియాసిస్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, అది రేగొచ్చు. యోని లోపల, మలద్వారం లోపల రాయకూడదు. క్రీమ్ ఒంటిమీద ఉండగా కలయిక వద్దు, పైగా ఇది కండోమ్ రబ్బరును బలహీనపరుస్తుంది.

## పోడోఫిల్లోటాక్సిన్, దాని పాత అన్న పోడోఫిల్లిన్

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే పేర్లు దగ్గరగా ఉండి మెడికల్ షాపుల్లో ఈ రెండూ కలిసిపోతాయి. పోడోఫిల్లిన్ ఒక మొక్క వేరు నుంచి తీసిన జిగురు, మన హిమాలయాల్లో కూడా ఆ జాతి మొక్క పెరుగుతుంది. 10 నుంచి 25 శాతం గాఢతలో గోధుమరంగు టింక్చర్‌గా ఉంటుంది. ఒక్కో సీసాలో అసలు మందు ఎంతుందో ఒకేలా ఉండదు, ఎక్కువ మేర రాస్తే రక్తంలో కలిసి నరాలకు, మూత్రపిండాలకు హాని చేయగలదు. ఇప్పుడు దీన్ని వీలైనంత వాడొద్దనే అంటారు, వాడినా డాక్టరే రాయాలి, 1 నుంచి 4 గంటల్లో కడిగేయాలి. దీన్ని సీసాతో ఇంటికి తెచ్చుకుని రాత్రి రాసి తెల్లారి దాకా ఉంచుకుని చర్మం ఊడగొట్టుకున్నవాళ్ల కథలు ఏ స్కిన్ డాక్టర్‌ను అడిగినా చెబుతారు.

పోడోఫిల్లోటాక్సిన్ అంటే అందులోంచి శుద్ధి చేసిన అసలు పదార్థం, 0.5 శాతం ద్రావణంగా వస్తుంది. దీన్నే ఇంట్లో వాడుకోవచ్చు. రోజుకు రెండుసార్లు చొప్పున మూడు రోజులు, తర్వాత నాలుగు రోజులు ఖాళీ, అలా గరిష్ఠంగా నాలుగు విడతలు. అంటే నెలలో తేలిపోతుంది, ఇమిక్విమాడ్‌కు ఇదే పెద్ద తేడా. మొత్తం రాసే మేర 10 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు, రోజుకు అర మిల్లీలీటరు మించకూడదు. మొదటిసారి డాక్టర్ ముందు రాసి చూపించుకుంటే మేలు.

కంటికి కనిపించే చోట నాలుగైదు మెత్తటి పులిపిర్లున్న మగవాళ్లకు ఇది మంచి మొదటి మెట్టు. ఆడవాళ్లకు నీళ్లలాంటి ద్రావణం కిందికి జారి పక్క చర్మం కాలే ప్రమాదం ఉంది, అద్దం పెట్టుకున్నా కష్టమే. గర్భిణులు, గర్భం వచ్చే అవకాశం ఉండి జాగ్రత్త తీసుకోనివాళ్లు రెండిటిలో ఏదీ ముట్టుకోకూడదు.

## ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం

మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌ను స్ప్రేతోనో దూదిపుల్లతోనో పులిపిరి మీద పెడతారు. కణాలు గడ్డకట్టి చచ్చి, పొక్కు లేచి, వారం పది రోజుల్లో రాలిపోతుంది. సాధారణంగా మత్తు అక్కర్లేదు, చురుక్కుమని మంట, తర్వాత ఒకటి రెండు రోజులు సలుపు. వారం లేదా రెండు వారాలకోసారి చేస్తారు, ఒక్కసారితో పోవడం అరుదు, కాబట్టి కనీసం మూడు నాలుగు సార్లు రావడానికి సిద్ధపడి మొదలుపెట్టండి.

పొడి పులిపిర్లకూ తడి పులిపిర్లకూ పనిచేయడం, గర్భిణికి కూడా చేయగలగడం, కత్తి లేకపోవడం దీని బలాలు. చేసే చేతిని బట్టి ఫలితం మారిపోవడం బలహీనత: తక్కువ గడ్డకట్టిస్తే పోదు, ఎక్కువైతే పెద్ద బొబ్బ, తర్వాత తెల్ల మచ్చ. నైట్రోజన్ నిలవ ఉండదు, ఆవిరైపోతుంది కాబట్టి చిన్న ఊళ్లలోని క్లినిక్‌లలో దొరకడం కష్టం. హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట అయినా వెళ్లే ముందు ఫోన్ చేసి ఆ రోజు ఉందో లేదో అడగండి.

## కాటరీ, కత్తిరించడం, లేజర్

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి కరెంటు మొనతోనో రేడియో ఫ్రీక్వెన్సీ మొనతోనో పులిపిరిని కాల్చేస్తారు, లేదా కత్తెరతో మొదలుకంటా కత్తిరించి రక్తం కారకుండా చిన్నగా కాలుస్తారు. చాలావరకు ఆ రోజే అన్నీ పోతాయి. పుండు మానడానికి సైజును బట్టి ఒకటి నుంచి మూడు వారాలు.

ఇరవై ముప్ఫై ఉన్నవాళ్లకు, గుత్తిగా కాలీఫ్లవర్‌లా పెరిగినవాళ్లకు, క్రీమ్ నెలల తరబడి వాడినా కదలనివాళ్లకు దీన్ని మించింది లేదు. కత్తిరించి తీస్తే ముక్కను బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో పరీక్షకు, పంపే వీలుండటం ఇంకో లాభం. నల్లగా, గట్టిగా, అడుగుకు అతుక్కుని, రక్తం కారుతూ లేదా పుండు పడి ఉన్నవాటిని బయాప్సీ లేకుండా ఊరికే కాల్చనివ్వకండి.

పులిపిరి పైచర్మానికే పరిమితం, కాబట్టి లోతుగా తవ్వాల్సిన పనే లేదు. లోతుగా కాలిస్తేనే వేరు పోతుందన్న నమ్మకం వల్ల వచ్చే మచ్చలు చాలా. చేయించుకునే ముందు మూడు సంగతులు చెప్పండి: రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, పేస్‌మేకర్ ఉందా, గాయాలు మానాక బుడిపెలా ఉబ్బే గుణం మీ చర్మానికి ఉందా. కాల్చేటప్పుడు వచ్చే పొగలో వైరస్ ముక్కలు ఉండొచ్చు కాబట్టి పొగ లాగే గొట్టం, మాస్కులు వాడే చోటుకే వెళ్లండి.

ఇక లేజర్. కార్బన్ డయాక్సైడ్ లేజర్ మూత్రనాళం లోపల, యోని లోపల, విపరీతంగా వ్యాపించినవాటికి చాలా ఉపయోగం. కానీ బయట కనిపించే మామూలు పులిపిర్లకు కాటరీకన్నా అది మెరుగని నమ్మడానికి ఆధారం లేదు, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. లేజర్ అన్న పేరుకు డబ్బు పెట్టకండి.

కాటరీ తర్వాత మళ్ళీ రాకుండా ఇమిక్విమాడ్ రాయమని కొందరు డాక్టర్లు చెబుతారు. తప్పు కాదు, వాడకంలో ఉన్న పద్ధతే, కాకపోతే దానికి బలమైన రుజువులు ఇంకా లేవు. పుండు పూర్తిగా మానాకే మొదలుపెట్టాలి.

## టీసీఏ యాసిడ్

80 నుంచి 90 శాతం ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్‌ను డాక్టర్ సన్నటి పుల్లతో పులిపిరి మీద చుక్కలా పెడతారు, తెల్లగా మారి ఆరుతుంది, వారానికోసారి. చవక, గర్భిణికి సురక్షితం, చిన్నవీ తడివీ అయితే బాగా పోతాయి. నీళ్లలా జారే యాసిడ్ కాబట్టి ఇంట్లో చేసే పని కానే కాదు. పెద్దవాటికి, గట్టివాటికి దీన్ని నమ్ముకోవద్దు.

## మిగతావి

గ్రీన్ టీ సారంతో చేసిన సినెకాటెకిన్స్ అనే ఆయింట్‌మెంట్ ఉంది, రోజుకు మూడుసార్లు చొప్పున 16 వారాల దాకా. నూటికి 50 నుంచి 60 మందికి పోతాయి, మళ్ళీ రావడం తక్కువ. మన మెడికల్ షాపుల్లో అడిగి తిరగడం దండగ, అమెరికాలో ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగొచ్చు. గ్రీన్ టీ తాగడానికీ, టీ ఆకులు నూరి పెట్టడానికీ దీంతో సంబంధం లేదు.

పులిపిరిలోకి ఎంఎంఆర్ వ్యాక్సిన్ లేదా విటమిన్ డి3 ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి మన స్కిన్ క్లినిక్‌లలో బాగా పెరిగింది. ఒక దాంట్లో ఇస్తే దూరంగా ఉన్నవి కూడా పోవచ్చన్నది ఆశ. ఆసక్తికరమైన ఫలితాలు వచ్చాయి గానీ అన్నీ చిన్న ట్రయల్స్. మిగతావి ప్రయత్నించి విసిగిపోయినవాళ్లకు డాక్టర్ చెబితే ఆలోచించొచ్చు, మొదటి ఎంపిక కాదు. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఎంఎంఆర్ ఇవ్వకూడదు.

ఏమీ చేయకుండా ఆగడం కూడా ఒక ఎంపికే, దీన్ని చాలామంది డాక్టర్లు చెప్పరు. చిన్నవి, కొద్దిగా ఉన్నవి, ఇబ్బంది పెట్టనివి అయితే కొన్ని నెలల్లో వాటంతటవే పోవచ్చు, కొన్ని అలాగే ఉండిపోవచ్చు, కొన్ని పెరగొచ్చు. మనసు నిబ్బరంగా ఉంచుకోగలిగితే, వైద్యుడు ఒకసారి చూసి పులిపిర్లేనని తేల్చాక, రెండు మూడు నెలలు ఆగి చూడటంలో తప్పు లేదు. తూజా, నాటుమందుల పేరు కూడా చాలావరకు ఇలా వాటంతటవే పోయినవాటి వల్లే వచ్చింది. తూజా పనిచేస్తుందని చెప్పేంత రుజువు లేదు, మదర్ టింక్చర్‌లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఆ చోట రాస్తే మండుతుంది.

సున్నం, సోడా కలిపి పెట్టడం, నల్లజీడి రసం పూయడం, గుర్రపు వెంట్రుకతో కట్టడం, కాళ్ల ఆనెకాయలకు వాడే ప్లాస్టర్ అంటించడం... వీటిని చేతిమీద పులిపిరికి చేసి బతికిపోయినవాళ్లు ఉండొచ్చు, జననాంగాల చర్మం అంత పల్చని చోట మాత్రం చేయకండి, కాలిన గాయాలూ ఇన్ఫెక్షన్లూ అవుతాయి. మెడికల్ షాపులో దురద అంటే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబ్ ఇంకా చెడ్డది: దురద తగ్గినట్టు ఉంటుంది, ఆ చోట రోగనిరోధక శక్తి తగ్గి పులిపిర్లు పెరుగుతాయి.

## మీరు ఎవరైతే ఏది

కొత్తగా వచ్చాయి, నాలుగైదే, మెత్తగా ఉన్నాయి. మగవాళ్లయితే పోడోఫిల్లోటాక్సిన్, ఆడవాళ్లయితే ఇమిక్విమాడ్ తో మొదలుపెట్టడం నా సలహా. ఇంట్లో ఏకాంతం లేదంటే నైట్రోజన్ సిట్టింగ్‌లు.

గట్టిపడినవి, పొడివి. నైట్రోజన్, లేదంటే కాటరీ.

చాలా ఉన్నాయి, పెద్దవి. కాటరీ, అవసరమైతే రెండు దఫాలుగా.

గర్భిణి. ఈ సమయంలో పులిపిర్లు గబగబా పెరగడం మామూలే, కాన్పు తర్వాత చాలావరకు తగ్గుతాయి. వైద్యం కావాలంటే నైట్రోజన్ లేదా టీసీఏ, పెద్దవైతే తీసేయడం. పులిపిర్లు ఉన్నాయన్న ఒక్క కారణానికి సిజేరియన్ అక్కర్లేదు, దారికి అడ్డంగా ఉన్నప్పుడో, ఎక్కువ రక్తం కారే ప్రమాదం ఉన్నప్పుడో తప్ప. బిడ్డ గొంతులో పులిపిర్లు రావడం సాధ్యమే గానీ చాలా అరుదు, సిజేరియన్ దాన్ని ఆపుతుందని తేలలేదు కూడా.

హెచ్ఐవీ ఉంది, కిడ్నీ మార్పిడి అయింది, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నారు. అవే వైద్యాలు, కానీ ఎక్కువసార్లు పడతాయి, ఎక్కువగా తిరిగొస్తాయి, బయాప్సీ విషయంలో డాక్టర్ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. హెచ్ఐవీకి ఇచ్చే ఏఆర్టీ మందులు మానకుండా వేసుకోవడం కూడా ఈ వైద్యంలో భాగమే.

మలద్వారం దగ్గర. బయటివాటికి పై వైద్యాలే. లోపల కూడా ఉన్నాయేమో చూడమని అడగండి, ఉంటే సర్జన్ దగ్గరికి. మలద్వార సంభోగం లేనివాళ్లకూ ఇక్కడ రావొచ్చు, డాక్టర్ ఏమనుకుంటారో అని దాచొద్దు.

పెళ్లి దగ్గర పడింది. ఈ మాటతో కాటరీ బల్ల ఎక్కేవాళ్లు చాలామంది. కంటికి కనిపించేవి తీయించుకోవచ్చు, కానీ అది పెళ్లయ్యాక భాగస్వామికి అంటదన్న హామీ కాదు. కాబోయేవాళ్లకు చెప్పి, వాళ్లకు వ్యాక్సిన్ వేయించుకునే అవకాశం ఇవ్వడం న్యాయం.

చదువుకోసం వేరే దేశంలో ఉన్నారు. ఇంగ్లండ్‌లో అయితే సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లలో సుఖవ్యాధుల పరీక్షలు, వైద్యం విదేశీ విద్యార్థులకు కూడా ఉచితం. సెలవులకు ఇంటికొచ్చేదాకా ఆగనక్కర్లేదు.

డబ్బు ఇబ్బంది. గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో డీవీఎల్ ఓపీ ఉంటుంది, చర్మవ్యాధులూ సుఖవ్యాధులూ చూసేది అక్కడే. రద్దీ ఉంటుంది, ఉదయాన్నే వెళ్లండి.

చిన్నపిల్లల్లో కనిపిస్తే మాత్రం ఇవేవీ చూసుకుని ఇంట్లో మందు రాయకండి. తల్లి నుంచో, చేతి పులిపిరి నుంచో రావొచ్చు, లైంగిక వేధింపు వల్ల కూడా రావొచ్చు. పిల్లల డాక్టర్‌కు చూపించి, ఆ సంగతి కూడా మొహమాటపడకుండా అడగండి.

## వైద్యం నడుస్తుండగా

ఏ పద్ధతైనా చెప్పిన కోర్సు పూర్తయ్యాక కూడా చెప్పుకోదగ్గ తేడా లేకపోతే, అదే కొనసాగించకుండా వేరేదానికి మారమని అడగండి. ఆరు నెలలుగా అదే క్రీమ్ కొంటున్నారంటే ఎక్కడో పొరపాటు జరుగుతోంది. ఆ చోట రేజర్‌తో గొరగడం ఆపండి, గీసుకుపోయిన గాట్ల వెంబడి కొత్తవి మొలుస్తాయి. పొగ తాగేవాళ్లలో వైద్యం అంత బాగా పనిచేయకపోవచ్చు.

వైరస్ సోకాక పులిపిరి బయటపడటానికి సాధారణంగా వారాల నుంచి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కాబట్టి పెళ్లయిన ఐదేళ్లకు ఇవి కనిపిస్తే ఎవరో తప్పు చేశారని వెంటనే తేల్చేయకండి. పాతది ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. భార్యాభర్తలిద్దరూ ఒకసారి చూపించుకోండి, పులిపిర్లు లేని భాగస్వామికి మందు అక్కర్లేదు. కండోమ్ అంటుకునే అవకాశాన్ని తగ్గిస్తుంది గానీ అది కప్పని చర్మం నుంచి అంటుకోవచ్చు.

ఇప్పటికే ఉన్న పులిపిర్లను వ్యాక్సిన్ పోగొట్టదు, ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది. ఇక్కడ ఏ వ్యాక్సిన్ అన్నది చూసుకోవాలి: గార్డసిల్, గార్డసిల్ 9, పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావ్యాక్, ఈ మూడిటిలోనూ 6, 11 రకాలు ఉన్నాయి. సెర్వారిక్స్‌లో 16, 18 మాత్రమే, అది పులిపిర్లను ఆపదు. 2007లో ఆడపిల్లలకు వ్యాక్సిన్ మొదలుపెట్టిన ఆస్ట్రేలియాలో కొన్నేళ్లకే 21 ఏళ్లలోపు అమ్మాయిల్లో ఈ పులిపిర్లు పదింట తొమ్మిది వంతులు తగ్గిపోయాయి. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, మగపిల్లలు ఉంటే ఇది మీకు ఇప్పుడే పనికొచ్చే సంగతి, ఆ వయసులో రెండు డోసులు చాలు, 15 దాటితే సాధారణంగా మూడు వేస్తారు.